ఎదురుగాలి ఆగేదాకా

చలికాలం ఆరిజోనా ఎడారికి చేరే మాలాంటి వాళ్ళం రెండు విషయాల్లో నిజం చెప్పం. ఒకటి వయసు, రెండోది బండి మైలేజీ. నలభై అడుగుల డీజిల్ మోటార్‌హోమ్ అంటే మాటలు కాదు, పదిహేను టన్నుల ఇల్లు. వంటగది, మంచం, స్నానాలగది, నీళ్ళ ట్యాంకు, ఇరవై ఏళ్ళుగా పారెయ్యలేకపోయిన సామాను, అన్నీ మోసుకుంటూ కొండలెక్కాలి. అలాంటి బండి గ్యాలనుకు ఏడు మైళ్ళిస్తే బంగారం. ఎనిమిదంటే వినేవాళ్ళు తల పంకిస్తారు. తొమ్మిదంటే నవ్వుతారు.

ఆర్డిస్ టోలెఫ్‌సన్ పదిన్నర అంది.

ఆ సాయంత్రం మేమంతా మంట చుట్టూ మడత కుర్చీలేసుకుని కూర్చున్నాం. ఆర్డిస్ పెనం మీద వాళ్ళ ఉత్తర డకోటా వాళ్ళు చేసుకునే బంగాళాదుంప రొట్టెలు కాలుస్తోంది. పల్చగా, మెత్తగా ఉంటాయవి. వెన్న రాసి చక్కెర చల్లి చుట్టిస్తుంది. ఓక్లహోమా నుంచి వచ్చిన బోయ్డ్ పెర్సెల్ ఒక రొట్టె చుట్ట నోట్లో పెట్టుకుని పెద్దగా నవ్వాడు. అతనిది మాలో అందరికంటే పెద్ద బండి, నలభై అయిదడుగులు.

"పదిన్నరా! వెనకనించి ఎవరన్నా తోశారేంటమ్మా?"

"గాలి తోసింది," అని ఆర్డిస్ రొట్టె తిరగేసింది.

"అయితే ఎదురుగాలి వచ్చినప్పుడో?"

"అప్పుడు ఆగుతాం."

అందరూ నవ్వారు. ఆమె పక్కన కూర్చున్న మొగుడు ఎల్డన్ మాత్రం నవ్వలేదు. మంటకి కొంచెం పక్కగా చూస్తున్నాడు. ఎప్పుడూ అలాగే, దేన్ని చూడాలన్నా దాని పక్కకి చూస్తాడు. ఎందుకో నాకు అప్పటికింకా తెలీదు.

ఆర్డిస్ ఇరవై తొమ్మిదేళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఉత్తర డకోటాలో ఆర్నెల్లు రోడ్డు మీద మంచే. అద్దంలా గడ్డకట్టిన మంచు మీద బ్రేకు తొక్కితే బస్సు మన మాట వినదు. అందుకని ఆమె పాదం ముందుచూపు నేర్చుకుంది. మలుపు అరమైలు దూరంలో ఉండగానే యాక్సిలరేటరు మీంచి తేలిపోయేది. పిల్లలు ఎక్కే చోటుకి బస్సు తనంతట తానే వచ్చి ఆగినట్టుండేది. ఆ ఇరవై తొమ్మిదేళ్ళలో బ్రేకులు మార్చింది రెండేసార్లని షెడ్డు వాళ్ళు ఆశ్చర్యపోయేవారట. ఆమె మాత్రం దాన్ని విద్య అనుకోలేదు. భయం అనుకుంది.

ఎల్డన్ అదే ఊళ్ళో ట్రాక్టర్లూ, చక్కెర దుంపలు మోసే లారీలూ బాగుచేసేవాడు. డీజిల్ ఇంజిన్ దగ్గిన తీరు బట్టి దాని జబ్బు చెప్పేవాడు. ఇద్దరూ పని మానేశాక పధ్నాలుగేళ్ళ పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నారు. తోలేది ఎల్డన్. పక్క సీట్లో ఆర్డిస్. డెబ్బై మైళ్ళ వేగం, గ్యాలనుకు ఏడు మైళ్ళు. ఎత్తు వస్తే పాదం నేలకంటా తొక్కేవాడు, దిగుడు వస్తే బ్రేకులు వాసన వచ్చేలా పట్టేవాడు. ఇంజిన్ గురించి అన్నీ తెలిసిన మనిషికి రోడ్డు మీద ఓపిక లేదు. తొక్కడానికి బ్రేకు లేకపోయినా ఆర్డిస్ కుడిపాదం పక్క సీటు కింద కదిలేది.

నాలుగేళ్ళు అలా గడిచాక ఒక వసంతంలో, న్యూ మెక్సికో తూర్పు మైదానాల్లో, ఎల్డన్ బండిని రోడ్డు పక్కకి తీసి ఇంజిన్ ఆపేశాడు. చుట్టూ గడ్డి తప్ప ఏమీ లేదు.

"ఆర్డిస్, ఆ టెలిఫోను స్తంభాలు తిన్నగా ఉన్నాయా?"

"తిన్నగానే ఉన్నాయి."

"నాకు నడుములు వంగి కనిపిస్తున్నాయి."

"ఎన్నాళ్ళనించి?"

అతను స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు. "క్రిస్మస్ నించి."

ఆమె తిట్టలేదు. లేచి, అతని భుజం మీద చెయ్యేసి, "జరుగు," అంది. ఆ రోజు నుంచి ఆ సీటు ఆమెది.

కంటి డాక్టరు చెప్పింది ఇది: చూపు మధ్యలో మచ్చ పడింది, ఇంజెక్షన్లతో మచ్చ పెరక్కుండా ఆపొచ్చు గానీ పోయింది తిరిగి రాదు. అంచుల్లో చూపు ఉంటుంది. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. రోడ్డు పక్క కంచె కనిపిస్తుంది, రోడ్డు కనిపించదు.

బండి అమ్మేద్దామనుకున్నారు. కొనడానికి ఒకాయన వస్తే, ఎలా నడుస్తుందో చూపించడానికి ఆర్డిస్ పది మైళ్ళు తిప్పింది. ఆయన వెనక సోఫాలో కూర్చున్నాడు. ఎల్డన్ పక్క సీట్లో కళ్ళు మూసుకుని ఉన్నాడు. దారిలో ఒక ఎత్తు ఎక్కి దిగారు. ఎల్డన్ కళ్ళు తెరిచాడు.

"ఇందాక ఏం చేశావ్?"

"ఎప్పుడు?"

"ఆ ఎత్తు దగ్గర. పాదంతో ఏదో చేశావ్. మళ్ళీ చెయ్యి."

"ఏం చేశానో నాకేం తెలుసు? ఎత్తు వస్తోందని ముందే కొంచెం ఊపిచ్చా. ఎక్కేటప్పుడు అది నెమ్మదిస్తుంటే నెమ్మదించనిచ్చా. పైకొచ్చాక వదిలేశా."

"అంతా చేసి ఒక్కసారి కూడా ఇంజిన్ మూలగలేదు," అన్నాడు ఎల్డన్. "నలభై ఏళ్ళు ఇంజిన్లు విన్నా ఆర్డిస్. ఇంత సుఖంగా ఎత్తెక్కింది నేనెప్పుడూ వినలేదు." తర్వాత వెనక్కి తిరిగి కొనడానికొచ్చినాయనతో, "ఏమనుకోకండి, బండి అమ్మట్లేదు," అన్నాడు.

అక్కణ్ణించి వాళ్ళ ప్రయాణం వేరేలా మొదలైంది. ఎల్డన్ వినేవాడు. "పొగ వేస్తున్నావ్, వదులు." "ఇంకో గేరు అడుగుతోంది, ఇవ్వు." "కుడిపక్క వెనక టైరు గొంతు మారింది, రేపు పొద్దున ఎండ రాకముందు గాలి చూడు." ఆమె పాదం అతని మాట వినేది. డెబ్బై నుంచి అరవై, అరవై నుంచి యాభై అయిదు. వెనక కట్టుకు తిరిగే కారు అమ్మేశారు. ట్యాంకులో నీళ్ళు మర్నాటికి సరిపడా ఉంచి మిగతాది పారబోసేవారు. సామాను పెట్టెలకి పెట్టెలు పంచేశారు. పొద్దున గాలి లేవకముందు బయల్దేరి, లేచేసరికి ఎక్కడో ఒకచోట చేరిపోయేవారు.

ఇంత నెమ్మదిగా పోతుంటే ఎల్డన్ అడగడం మొదలుపెట్టాడు. "ఏముంది?"

"ఏముంటుంది, రోడ్డు."

"రోడ్డు తర్వాత? అంచులు నాకు కనిపిస్తాయి. మధ్యలోది నువ్వు చెప్పు."

ఆమె చెప్పడం నేర్చుకుంది. మొదట్లో బస్సులో పిల్లల పేర్లు పిలిచినట్టు ముక్కలుగా: ఆవు, వంతెన, ఎర్ర కొట్టం. తర్వాత నెమ్మదిగా మాటలు పొడుగయ్యాయి. ఆవులన్నీ తోకలు పడమటికి పెట్టి నిలబడ్డాయంటే గాలి అటునించి వస్తోందని చెప్పేది. ఎండిన సరస్సు మీద కొండలు నేలనంటకుండా తేలుతున్నాయని చెప్పేది. వాన ఒక్క లోయలోనే పడుతోంది, నేలదాకా రావట్లేదు, మధ్యలోనే ఆరిపోతోంది అని చెప్పేది. డెబ్బై మైళ్ళ వేగంలో ఇవేవీ చెప్పడానికి టైముండదు. చెప్పేలోపు దాటిపోతాయి. అందుకని ఆమె ఇంకాస్త నెమ్మదించేది, చెప్పేది పూర్తయ్యేదాకా. వెనక వచ్చే లారీవాళ్ళు హారన్ కొట్టి దాటిపోతూ, బండి నించి బండికి మాట్లాడుకునే రేడియోలో, "నిద్దరొస్తందా నాన్నమ్మా?" అని అరిచేవాళ్ళు. ఆమె మైకు తీసి, "మెలకువొచ్చింది నాయనా," అనేది.

నెవాడా సంగతి నాకు ఆర్డిస్, ఎల్డన్, బోయ్డ్ ముగ్గురూ చెప్పారు, ఎవరి వరస వాళ్ళది. మంట దగ్గర బోయ్డ్ అలా నవ్విన తర్వాతి అక్టోబరులో, ఒక సోమవారం. తూర్పు నెవాడాలో ఒక చిన్న ఊరికి టోలెఫ్‌సన్లు చేరేసరికి బంకులో డీజిల్ లేదు. ట్యాంకరు మూడ్రోజుల తర్వాత రావచ్చన్నారు. అవతలి ఊరు నూట అరవై ఎనిమిది మైళ్ళు. మధ్యలో బంకు లేదు, ఇల్లు లేదు, ఫోను పలకదు. గురువారం పొద్దున ఎల్డన్‌కి అవతల కాలిఫోర్నియాలో కంటి ఇంజెక్షన్ ఉంది. అది తప్పితే ఆ మచ్చ ఆగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు.

వాళ్ళ బండి ట్యాంకు వంద గ్యాలన్లు. ముల్లు పావు దగ్గరుంది. అడుగున ఎనిమిది గ్యాలన్లు పైపుకి అందవు. ఎల్డన్ వేళ్ళు మడిచి లెక్కేశాడు.

"పదిహేడు వాడుకోవచ్చు. గ్యాలనుకి పది మైళ్ళిస్తే చేరతాం. నేను తోలితే నూటిరవై దగ్గర ఆగిపోతాం."

"నువ్వు తోలితే పది మైళ్ళ దగ్గరే గోతిలో ఉంటాం," అంది ఆర్డిస్.

తాగే నీళ్ళు ఒక డబ్బా ఉంచుకుని మిగతావన్నీ పారబోశారు. తెల్లవారుతుండగా బయల్దేరారు. నలభై ఎనిమిది మైళ్ళ వేగం. రోడ్డు ఒక లోయలోకి దిగి, పది మైళ్ళు తిన్నగా పరుచుకుని, మళ్ళీ కొండ మీదికి ఎక్కుతుంది. అవతల మళ్ళీ అలాంటిదే లోయ. ఆర్డిస్ చెబుతూనే ఉంది. లేత ఎండ పడ్డ గడ్డి ఏ రంగులో ఉందో చెప్పడానికి ఆమెకి మాట దొరకలేదట. చివరికి, "మన పెళ్ళినాడు మీ అమ్మ కట్టుకున్న గౌను రంగు," అంది. "ఓ," అని ఎల్డన్ చాలాసేపు ఆ లోయని చూశాడు.

డెబ్బయ్యో మైలు దగ్గర రోడ్డు పక్కన పెద్ద బండి ఒకటి ఆగి ఉంది. దాని నీడలో బోయ్డ్ పెర్సెల్, అతని ముసలి కుక్క. ముందురోజు సాయంత్రం అదే ఊళ్ళో డీజిల్ లేదన్నా వినకుండా, ఎదురుగాలిలో డెబ్బై మీద తోలుకొచ్చి ఆగిపోయాడు. తోడు తెచ్చుకునే కారు రిపేరులో ఉంది. రాత్రంతా ఒక్క వాహనమే వచ్చిందట, అదీ ఆగలేదు.

"దేవుడు పంపాడు మిమ్మల్ని," అన్నాడు బోయ్డ్. "ఒక అయిదు గ్యాలన్లు ఇవ్వండి చాలు."

"అయిదు పోస్తే ముప్పై మైళ్ళు పోయి నువ్వాగుతావ్. ఇంకో ఇరవై పోయి మేం ఆగుతాం," అన్నాడు ఎల్డన్. "పైగా నీ ఇంజిన్‌కి ఎయిర్ పట్టేసుంటుంది. ఉత్తినే డీజిల్ పోస్తే లేవదు."

"మరి నన్నిక్కడే వదిలేస్తారా?"

ఆర్డిస్ తలుపు తెరిచింది. "ఎక్కు. కుక్కనీ తీసుకురా."

బోయ్డ్ మనిషి భారీగా ఉంటాడు, కుక్క కూడా తక్కువ తినలేదు. ఇద్దరూ ఎక్కేసరికి బండి ఒక పక్కకి ఒరిగింది. "నీళ్ళు పారబోసి బోయ్డ్‌ని నింపుకున్నాం," అన్నాడు ఎల్డన్.

మొదటి పది మైళ్ళు బోయ్డ్ సోఫాలో నిలకడగా కూర్చోలేదు. వేగం ముల్లు చూసి, రోడ్డు చూసి, మళ్ళీ ముల్లు చూశాడు. "ఇలా పోతే ఎప్పటికి చేరతాం?" అని రెండుసార్లడిగాడు. ముందు సీట్లలో ఆర్డిస్ అడవిగుర్రాల గురించి చెబుతోంది. మొత్తం ఏడు, ఒకటి తెల్లది, పిల్ల ఒకటి తల్లి పొట్ట కింద నీడలో ఉంది. బోయ్డ్ కిటికీలోంచి చూశాడు. నిజంగానే ఏడు. నిన్న సాయంత్రం ఇదే లోయ మొదటి సగం దాటొచ్చాడు. గుర్రాలున్నాయని అతనికి తెలీదు.

పదిన్నరకి గాలి లేచింది. దుమ్ము నేలబారున పాములా రోడ్డు దాటుతోంది. ఇంజిన్ గొంతు బరువెక్కిందని ఎల్డన్ అన్నాడు. ఆర్డిస్ వెడల్పుగా ఉన్న చోటు చూసి బండి పక్కకి తీసి ఆపేసింది.

"ఏమైంది?" అన్నాడు బోయ్డ్.

"గాలి."

"ఇంకా నలభై అయిదు మైళ్ళేగా! ఎంతసేపు ఇక్కడ?"

"నన్నడిగితే నాకేం తెలుసు? దాన్నడుగు," అని కిటికీ వైపు చూపించింది.

ఆ మధ్యాహ్నమంతా ముగ్గురూ అక్కడే ఉన్నారు. గాలికి బండి ఊయలలా చిన్నగా ఊగేది. రొట్టెలకి వెన్న రాసుకుని తిన్నారు. కుక్క ఎల్డన్ పాదాల మీద తల పెట్టి పడుకుంది. ఎల్డన్ నిద్రపోయాడు, ఆర్డిస్ అల్లిక తీసింది. బోయ్డ్ చాలాసేపు కిటికీ దగ్గర నిలబడి, తర్వాత కూర్చుని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. భార్య నాడీన్ పోయి మూడేళ్ళయింది. డీజిల్ కోసం తప్ప ఎక్కడా ఆగడట. "కదుల్తున్నంతసేపూ బానే ఉంటది. ఆపితే లోపల ఎవరూ లేరని తెలిసిపోద్ది." ఆర్డిస్ అల్లిక ఆపలేదు. "ఇప్పుడు ఆగే ఉన్నాంగా," అంది. బోయ్డ్ చేతులు వెనక్కి పెట్టుకుని సోఫాకి జారగిలబడ్డాడు. తెలీకుండానే నిద్రపోయాడు. మూడేళ్ళలో పగలు నిద్రపోవడం అదే మొదటిసారని నాతో అన్నాడు.

పొద్దు వాలుతుంటే గాలి తలుపేసినట్టు ఆగిపోయింది. మిగిలిన దారి ఎత్తు ఒకటి, ఆ తర్వాత పొడుగాటి దిగుడు. శిఖరం దాటగానే ఆర్డిస్ పాదం తీసేసింది. పదిహేను టన్నుల ఇల్లు దాదాపు చప్పుడు లేకుండా, కొండ పక్కనే వంపు తిరిగి కిందికి జారింది. లోయ అంతా ఊదారంగు. దూరంగా ఊరి దీపాలు అప్పుడే ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి. ఆమె వాటిని ఎల్డన్‌కి చెప్పలేదు, ఎంచేతంటే అవి అతనికి కనిపించాయి. "కుడిపక్క అంచులో ఏదో మెరుస్తోంది," అన్నాడు అతనే ముందు. వెనక నుంచి బోయ్డ్, "అవును, ఊరే," అన్నాడు, గుసగుసగా, ఎవరో పడుకున్నట్టు.

బంకులో వంద గ్యాలన్ల ట్యాంకుకి తొంభై రెండు పట్టింది.

మర్నాడు ఊళ్ళో ఒకాయన తన ట్రక్కులో బోయ్డ్‌నీ ఎల్డన్‌నీ డీజిల్ డబ్బాలతో వెనక్కి తీసుకెళ్ళాడు. బోయ్డ్ బండి వెనక పాన్పులా పరుచుకున్న ఇంజిన్ కిందికి ఎల్డన్ పాకాడు. బోయ్డ్ టార్చిలైటు పట్టుకున్నాడు.

"లైటు నాకెందుకయ్యా? నీకు భయమేస్తే వేసుకో," అన్నాడు ఎల్డన్.

వేళ్ళతో తడిమి బోల్టులు పట్టుకున్నాడు, వదులు చేశాడు, గాలి బుడగలన్నీ పోయి డీజిల్ తిన్నగా కారేదాకా వేలికొన ఆనించి విన్నాడు. రెండోసారికే ఇంజిన్ లేచింది. తిరుగు దారిలో బోయ్డ్ యాభై దాటలేదు. ఎందుకని ఎల్డన్ అడిగితే, "ఆ గుర్రాలు ఎటు పోయాయో చూస్తున్నా," అన్నాడు. గురువారం ఇంజెక్షన్‌కి టైముకే వెళ్ళారు.

ఎల్డన్ ఆ తర్వాత అయిదేళ్ళున్నాడు. చూపు అంచులు కూడా కొంచెం కొంచెంగా ముడుచుకున్నాయి గానీ అతను పెద్దగా దిగులుపడలేదు. మా ఎడారి శిబిరంలో ఎవరి బండి మొరాయించినా చేతికర్ర తాటించుకుంటూ వచ్చేవాడు. ఒక మార్చి నెల పొద్దున కాఫీ కలిపి ఆర్డిస్ పిలిస్తే పలకలేదు. గుండె ఆగిపోయింది, నిద్రలోనే. అస్థికలు వాళ్ళ ఊరి పొలాల్లో చల్లమని ఎప్పుడో చెప్పాడట. ఏప్రిల్లో ఆమె ఒక్కతే ఉత్తరానికి బయల్దేరింది. నేను గుమ్మం దగ్గర నిలబడి, అడక్కూడదనుకుంటూనే అడిగాను.

"దారిలో ఎవరితో మాట్లాడతావు ఆర్డిస్? అలవాటైపోయింది కదా."

సీటు ముందుకు జరుపుకుంటూ ఆలోచించింది. "మాట్లాడను. వింటాను. ఇన్నేళ్ళూ ఆయన విన్నదేంటో నేనెప్పుడూ వినలేదుగా, నా గోల నాది."

అలా ఇంకో రెండేళ్ళు ఒంటరిగానే తిరిగింది. చలికాలం వచ్చేది, వసంతంలో వెళ్ళేది.

కిందటి మే నెలలో దక్షిణ డకోటాలో సరస్సులున్న వైపు పోతుంటే వాయవ్యం నుంచి పెద్ద గాలి లేచింది. ఒక చిన్న ఊరి చివర, నీళ్ళ ఒడ్డున ఖాళీ స్థలం కనిపిస్తే బండి ఆపింది. గాలి మూడు రోజులు వీచింది. రొట్టెలు అయిపోతే నడిచి ఊళ్ళోకెళ్ళి బంగాళాదుంపలు తెచ్చుకుంది. కొట్టు ఆవిడ రొట్టెలు ఎలా చేస్తారని అడిగితే మర్నాడు చేసి తీసుకెళ్ళింది. నాలుగో రోజు గాలి ఆగిపోయింది. సరస్సు కదలకుండా ఉంది. బయల్దేరడానికి అంతకన్నా మంచి పొద్దు ఉండదు. ఆమె ఇంజిన్ వేసి, వేడెక్కేదాకా విని, మళ్ళీ ఆపేసింది.

జూన్‌లో నేను ఫోను చేశాను. ఇంకా అక్కడే ఉందని తెలిసి ఆశ్చర్యపోయాను.

"ఎన్నాళ్ళుంటావ్ అక్కడ? బండేమన్నా చెడిందా?"

"బండికేం, బంగారంలా ఉంది. ఉండు, ఒక్క నిమిషం లైన్లో ఉండు." తలుపు తీసిన చప్పుడు, మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించాయి. "గూడబాతులు దిగుతున్నాయి. తెల్లవి. ఇరవై... కాదు, ఇంకా వస్తున్నాయి. ఒక్కటి కూడా రెక్క ఆడించట్లేదు, చూడు, అలా వచ్చేస్తున్నాయి నీళ్ళ మీదికి..."

అలా చెబుతూనే ఉంది. నేను మా వంటగదిలో నిలబడి, కళ్ళు మూసుకుని విన్నాను.